వేగంలో కాదు, వంపులో: కనుమ దారుల ప్రయాణానికి ఒక పరిచయం

నగరంలో రద్దీ వేళ స్పోర్ట్స్ కారు ఎదురైతే దారిన పోయేవారు ఒక్క క్షణం ఆగి చూస్తారు. లోపల కూర్చున్నవారి అవస్థ మాత్రం వేరు. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా బండి అడుగుభాగం తగులుతుందేమోనన్న భయం. ఒక కూడలి దాటేలోపే మరో ఎర్రదీపం. గంటకు 250 కిలోమీటర్లకు మించి పరుగెత్తగల యంత్రం ఆటోల వెనుక అంగుళం అంగుళంగా జరుగుతూ ఉంటుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న బండిని ఎక్కడ నడిపితే దాని విలువ తెలుస్తుంది అన్న ప్రశ్న యజమానికి అక్కడే పుడుతుంది.

చాలామందికి వెంటనే తోచే సమాధానం ఎక్స్‌ప్రెస్‌వే. కానీ కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన ప్రకటన ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వేలపై కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై అది 100 కిలోమీటర్లు. ఆ వేగాన్ని సాధారణ కుటుంబ కారు కూడా సునాయాసంగా అందుకుంటుంది. కనుక తిన్నని దారిపై స్పోర్ట్స్ కారుకు మిగిలేవి రెండే: చట్టాన్ని అతిక్రమించడం, లేదా విసుగు చెందడం.

మూడో మార్గం ఒకటుంది. అదే కొండల మీదుగా మెలికలు తిరుగుతూ సాగే కనుమ దారి. అక్కడ గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంలోనే స్టీరింగు, బ్రేకు, గేరు, టైరు అన్నీ తమ పని చూపుతాయి. అయితే ఘాట్‌రోడ్డుపై అదుపు తప్పి లోయలో పడిన వాహనం గురించిన వార్తను వార్తావిభాగంలో పనిచేసేవారు ఎన్నోమార్లు రాయవలసి వస్తుంది. అందుకే ఈ వ్యాసం రెండు విషయాలను కలిపి వివరిస్తుంది. వంపులున్న మంచి దారిని వెతికి పట్టుకోవడం ఎలా? ఆ దారిని ఎవరికీ హాని లేకుండా ఆస్వాదించడం ఎలా?

వంపు లెక్క

మలుపులో కారును దారి మీద నిలిపేది టైరుకు, నేలకు మధ్య ఉండే పట్టు. ఆ పట్టు ఎంత కావాలన్నది రెండు అంశాలపై ఆధారపడుతుంది. ఒకటి వేగం, రెండోది మలుపు వ్యాసార్ధం. ఇందులో వేగం ప్రభావం వర్గంగా పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే కావలసిన పట్టు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 15 మీటర్ల వ్యాసార్ధం గల హెయిర్‌పిన్ మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, కారు బరువులో దాదాపు అయిదో వంతుకు సమానమైన పక్కబలం కావాలి. అదే మలుపును 30 కిలోమీటర్లతో తిరిగితే బరువులో దాదాపు సగం కావాలి. 40 కిలోమీటర్లకు చేరేసరికి అది అయిదింట నాలుగు వంతులను దాటుతుంది. పొడిగా ఉన్న మంచి తారురోడ్డుపై, మంచి టైర్లతో కూడా అది దాదాపు చివరి అంచు. రోడ్డు తడిసి ఉన్నా, దానిపై ఇసుక, ఎండుటాకులు ఉన్నా ఆ పట్టు దొరకదు.

కొండదారుల నిర్మాణానికి ప్రమాణాలు నిర్దేశించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ హెయిర్‌పిన్ మలుపుల రూపకల్పనకు గంటకు 20 కిలోమీటర్ల వేగాన్ని ప్రాతిపదికగా తీసుకోవడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. ఆ అంకెను చూసి నిరాశపడవలసిన పని లేదు. శరీరానికి తెలిసేది వేగమాపక సూచిక చూపే అంకె కాదు. ముందుకు, వెనక్కు, పక్కకు మారుతున్న బరువు. తిన్నని రోడ్డుపై 120 కిలోమీటర్ల వేగంలో కూడా తెలియని ఆ అనుభూతి, వంపులో 30 కిలోమీటర్లకే తెలుస్తుంది. మంచి దారిని ఎంచుకున్నవారికి అతివేగంతో పనిలేదు.

దారి వంపు తిరగడానికి కారణం

బయలుదేరిన చోటి నుంచి చేరవలసిన చోటికి తిన్నగా వెళ్ళడానికే దారి వేస్తారు. వంపు తిరిగిందంటే ఏదో ఒక అవసరం ఆ దారిని కొండ ఎక్కించిందన్న మాట. ఆ అవసరం ఏమిటో తెలిస్తే మంచి దారులు ఎక్కడుంటాయో ఊహించవచ్చు. మన దేశంలోనూ, పొరుగు దేశాలలోనూ ఇటువంటి అవసరాలు ప్రధానంగా అయిదు.

మొదటిది క్షేత్రం. కొండపైన వెలసిన దైవాన్ని దర్శించుకోవడానికి పడిన కాలిబాటలు కాలక్రమంలో ఘాట్‌రోడ్లు అయ్యాయి. తిరుమల, శ్రీశైలం ఇందుకు మనకు తెలిసిన ఉదాహరణలు. రెండోది తోట. కొండలపై తేయాకు, కాఫీ సాగు మొదలైన తరువాత ఆ పంటను మైదానానికి దించడానికి దారులు వేశారు. తమిళనాడులోని వాల్పారై దారి అటువంటిది. మూడోది జలాశయం. ఆనకట్ట కట్టాలన్నా, జలవిద్యుత్ కేంద్రం నెలకొల్పాలన్నా భారీ యంత్రాలను లోయలోకి చేర్చాలి. నాలుగోది సరిహద్దు. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ హిమాలయాలలో వేసిన దారులు సైనిక అవసరాలకు పుట్టినవే. అయిదోది, కొత్త మార్గం వచ్చాక రద్దీ తగ్గిన పాత రహదారి.

ఈ చివరి రకం దారులపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. సొరంగమో, వెడల్పైన కొత్త రహదారియో అందుబాటులోకి రాగానే లారీలు, బస్సులు అటు మళ్ళిపోతాయి. పాత కనుమ దారి నిశ్శబ్దంగా మిగులుతుంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల మనాలీ నుంచి లాహౌల్ వెళ్ళే వాహనాలకు రోహ్‌తాంగ్ కనుమ ఎక్కవలసిన అవసరం లేకపోయింది. నేపాల్‌లో 1950 దశకంలో భారతదేశ సహకారంతో నిర్మించిన త్రిభువన్ రాజపథ్‌ది కూడా ఇదే కథ. ఒకప్పుడు కాఠ్‌మాండూ లోయను తరాయి మైదానంతో కలిపిన ఆ దారి సుమారు 2,500 మీటర్ల ఎత్తున సింభంజ్యాంగ్ కనుమ మీదుగా సాగుతుంది. భారీ వాహనాలు ముగ్లింగ్ మార్గానికి మళ్ళడంతో అక్కడ రద్దీ తగ్గింది.

కారణం తెలుసుకోవడంలో మరో ప్రయోజనం ఉంది. ఆ దారిని ఎవరు వాడుతున్నారో, ఎప్పుడు వాడుతున్నారో కూడా దానివల్లే తెలుస్తుంది. క్షేత్రానికి వెళ్ళే దారి పర్వదినాలలో బస్సులతో నిండిపోతుంది. తోటల దారిలో పంట కోతల కాలంలో లారీలు తిరుగుతాయి. సరిహద్దు దారిలో సైనిక వాహన శ్రేణి ఎదురైతే పక్కకు తప్పుకొని ఆగాలి.

పటం చెప్పే సంగతులు

చరవాణిలోని పటం సాధారణంగా అతి త్వరగా చేరే దారినే చూపుతుంది. మనకు కావలసింది అది కాదు. ముందుగా రెండు ఊళ్ళ మధ్య గాలిదారి దూరాన్ని, రోడ్డు దూరాన్ని పోల్చి చూడాలి. గాలిలో 20 కిలోమీటర్ల దూరానికి రోడ్డు 40 కిలోమీటర్లు సాగుతోందంటే మధ్యలో కొండో, నదో, లేక రెండూనో ఉన్నట్టు.

తరువాత ఎత్తులను చూపే పటం చూడాలి. భారత సర్వేక్షణ సంస్థ తయారుచేసే 1:50,000 కొలబద్ద పటాలలో ఒకే ఎత్తున ఉన్న బిందువులను కలుపుతూ సమోన్నత రేఖలు ఉంటాయి. ఆ రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే నేల నిటారుగా ఉన్నట్టు. రోడ్డు ఆ రేఖలను అడ్డంగా కోస్తూ అటూ ఇటూ మడతలు పడుతోందంటే అవి హెయిర్‌పిన్ మలుపులు. రేఖల వెంబడే సాగుతోందంటే అది కొండ నడుము చుట్టూ తిరిగే దారి. ఇందులో ఎత్తు మారదు, వంపులు సాఫీగా ఉంటాయి. కొత్తగా కొండదారులు అలవాటు చేసుకునేవారికి ఈ రెండో రకం మేలు. దారిపై చెట్ల నీడ ఎంత ఉందో, పక్కన ఊళ్ళు ఎన్ని ఉన్నాయో ఇస్రో నిర్వహించే భువన్ వంటి ఉపగ్రహ చిత్రాల వేదికలలో చూడవచ్చు.

పటం చెప్పనిది రోడ్డు ఉపరితలం పరిస్థితి. దానికి స్థానికులను అడగడమే సరైన మార్గం. ఆ దారిలో రోజూ తిరిగే ఆర్టీసీ డ్రైవరుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వీలైతే మొదటిసారి సాధారణ కారులో వెళ్ళి రావడం ఉత్తమం. మన కుటుంబ కార్ల అడుగుభాగం నేలకు సాధారణంగా 165 మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. అనేక స్పోర్ట్స్ కార్లలో అది 130 మిల్లీమీటర్లకు లోపే. సాధారణ కారు గుర్తించని గుంత, పలుచని అంచులున్న టైరును చీల్చి, చక్రం చట్రాన్ని వంచగలదు. పైగా ఇటువంటి కార్లలో చాలావాటికి అదనపు చక్రం ఉండదు. పంక్చరు సరిచేసే సామగ్రి మాత్రమే ఇస్తారు. చరవాణికి సంకేతాలు అందని అడవిలో టైరు చీలితే ఆ సామగ్రి అక్కరకు రాదు.

తెలుగు నేలపై

కనుమ అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. తూర్పు కనుమలు పడమటి కనుమల వలె ఎడతెగని గోడ కావు. నదులు కోసిన తునకలుగా, గుట్టలుగా, పీఠభూములుగా పరచుకున్నాయి. అందుకే ఇక్కడి దారులకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం ఉంది.

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్ళే దారి వీటిలో ప్రసిద్ధమైనది. శృంగవరపుకోట దాటిన తరువాత ఎక్కుడు మొదలవుతుంది. అనంతగిరి ప్రాంతంలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. గాలికొండ వద్ద లోయ విశాలంగా తెరుచుకుంటుంది. ఈ ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మాడుగుల వైపు నుంచి పాడేరు ఎక్కే కనుమ, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి చేరే దారి కూడా ఇదే కొండల వరుసలోనివి. శీతకాలంలో తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముకుంటుంది. అందుకోసమే సందర్శకులు వస్తారు. డ్రైవరుకు మాత్రం ఎండ వచ్చేవరకు ఆగడమే క్షేమం.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్ళే దారి దట్టమైన అడవి గుండా సాగుతుంది. మారేడుమిల్లి దాటాక మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చాలాచోట్ల చెట్లు, కొండవాలు అడ్డుపడి ఎదురుగా వచ్చే వాహనం కనిపించదు. ప్రాణనష్టం కలిగించిన ప్రమాదాలు జరిగిన దారి ఇది. రాత్రివేళ వినోదం కోసం ఇటు రావడం తగదు.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళేవారికి మన్ననూరు దాటగానే నల్లమల ఎదురవుతుంది. దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగి, ఈగలపెంట తరువాత కృష్ణ లోయలోకి దిగుతుంది. ఆ దిగువలో ఒక మలుపు తిరగగానే శ్రీశైలం ఆనకట్ట కనిపిస్తుంది. తరువాత వంతెన దాటి మళ్ళీ ఎక్కాలి. వన్యప్రాణుల రక్షణ కోసం ఈ అటవీ మార్గాన్ని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసివేస్తారు. దోర్నాల వైపు దారికి కూడా ఇదే నిబంధన వర్తిస్తుంది.

తిరుమల ఘాట్‌రోడ్డును వినోద ప్రయాణానికి కాక, పాఠం కోసం చెప్పుకోవాలి. మొదటి ఘాట్‌రోడ్డు 1944లో, రెండోది 1974లో అందుబాటులోకి వచ్చాయి. ఇప్పుడు కొండ ఎక్కడానికి రెండో దారి, దిగడానికి మొదటి దారి వాడుతున్నారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి నియమం. అంతకంటే ముందుగా చేరిన డ్రైవరు వేగం మితిమీరినట్టే లెక్క. దిగువకు ఎక్కువ సమయం నిర్దేశించడంలోని ఔచిత్యాన్ని కనుమ దారులెక్కే ప్రతి ఒక్కరూ గ్రహించాలి. ఎక్కేటప్పుడు కొండే వేగాన్ని అణచుతుంది. దిగేటప్పుడు ఆ పని డ్రైవరు చేయాలి.

కొండలంటే జంకేవారికి విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రం వెంబడి సాగే సుమారు 30 కిలోమీటర్ల దారి ఉంది. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దారిలోనే వస్తాయి. సెలవు రోజుల సాయంత్రాలు మినహాయించి తెల్లవారాక వెళితే సాఫీ వంపుల ఆనందం దక్కుతుంది.

దేశంలోనూ, పొరుగునా

మలుపుల సంఖ్య దృష్ట్యా తమిళనాడు నామక్కల్ జిల్లాలోని కొల్లి కొండలను ముందుగా చెప్పుకోవాలి. కొండ ఎక్కడానికి 70 హెయిర్‌పిన్ మలుపులు తిరగాలి. ప్రతి మలుపు దగ్గరా దాని సంఖ్య రాసి ఉంటుంది. అదే రాష్ట్రంలో ఆళియారు జలాశయం నుంచి వాల్పారై చేరడానికి 40 మలుపులు. తొమ్మిదో మలుపు వద్ద ఆగి చూస్తే జలాశయం మొత్తం కనిపిస్తుంది. ఆ పరిసరాల్లో నీలగిరి తార్ అనే అడవి మేకలు రోడ్డు పక్కనే తిరుగుతుంటాయి.

ఊటీ నుంచి మసినగుడి దిగే కల్లట్టి దారిలో 36 మలుపులున్నాయి. అది చాలా నిటారైన దిగువ. మైదానం నుంచి వచ్చిన డ్రైవర్లు బ్రేకు తొక్కుతూ దిగి, అవి వేడెక్కి పట్టు కోల్పోయి ప్రమాదాల పాలైన సందర్భాలున్నాయి. బయటి ప్రాంతాల వాహనాలపై అక్కడ ఆంక్షలు విధించడానికి కారణం అదే. మలుపుల సంఖ్య ఒక్కటే చూసి దారిని ఎంచుకోరాదని ఈ ఉదాహరణ చెబుతుంది.

హిమాలయాల్లో మనాలీ–లేహ్ దారిలోని గాటా లూప్స్ 21 మలుపుల వరుస. ఆ మలుపులు తిరిగేసరికి వాహనం సముద్రమట్టానికి 4,600 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడ గాలి పలుచన కావడంతో టర్బో లేని ఇంజను శక్తి స్పష్టంగా తగ్గుతుంది. మనిషికీ ఆయాసం వస్తుంది. వేసవి నుంచి శరత్కాలం వరకే ఈ దారి తెరిచి ఉంటుంది. తూర్పు సిక్కింలోని జులుక్ వద్ద పాత పట్టుదారి మలుపులు కొండవాలుపై తాడు చుట్టలుగా కనిపిస్తాయి. సరిహద్దు ప్రాంతం కనుక ముందుగా అనుమతిపత్రం పొందాలి. కరిగిన మంచు నీరు రోడ్డును కోసే ఇటువంటి చోట్లకు నేలబారు కారుకన్నా ఎత్తయిన బండే తగును.

శ్రీలంకలో మహియంగణ నుంచి క్యాండీ వైపు ఎక్కే దారిని అక్కడివారు పద్దెనిమిది వంపుల దారి అంటారు. రోడ్డు విస్తరణలో ఒక మలుపు తగ్గినా ఆ పేరు మారలేదు. నేపాల్‌లో జపాన్ సహకారంతో నిర్మించి 2015లో పూర్తిచేసిన బీపీ రాజమార్గం ఇరుకుగా, చక్కని మెలికలతో సాగే దారి. 2024 సెప్టెంబరు వరదల్లో అది తీవ్రంగా దెబ్బతిన్నది. కొండదారి శాశ్వతం కాదు. నిరుడు చూసిన దారి ఈ ఏడు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. భారతీయ వాహనంతో నేపాల్ వెళ్ళేవారు సరిహద్దు వద్ద భన్సార్ అనే సుంకం చెల్లించి అనుమతి తీసుకోవాలి.

బయలుదేరే ముందు

పడమటి కనుమలకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. జలపాతాలు కనువిందు చేస్తాయి కానీ కొండచరియలు విరిగిపడే ముప్పు కూడా అప్పుడే. తమిళనాడులోని తూర్పు కొండలకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు తెస్తాయి. ఉత్తరాంధ్ర కనుమలకు తుపానుల ముప్పు తప్పిన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. ఏ కాలమైనా భారత వాతావరణ శాఖ హెచ్చరికలను ముందు రోజు చూసుకోవాలి.

బండి విషయంలో బ్రేకులే ప్రధానం. బ్రేకు ప్యాడ్ల మందం, బ్రేకు ద్రవం వయసు పరీక్షింపజేయాలి. పాతబడిన ద్రవం తేమను పీల్చుకుంటుంది. సుదీర్ఘమైన దిగువలో ఆ తేమ వేడికి ఆవిరై పెడలు మెత్తబడుతుంది. అది మొదటి ప్రమాద సంకేతం. కొండ ఎక్కేముందు ఇంధనం నింపుకోవాలి. కనుమలో మొదటి గేర్లలోనే ఎక్కువ దూరం నడపవలసి రావడంతో ఖర్చు మామూలు కంటే చాలా ఎక్కువ.

మలుపులో పాటించవలసినవి

కొండ ఎక్కడానికి ఏ గేరు అవసరమైందో దిగడానికీ అదే గేరు వాడాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం. స్పోర్ట్స్ కారుకు కూడా అంతకు మించిన సూత్రం లేదు. ఇంజనే బండిని పట్టి ఉంచితే బ్రేకులు చల్లగా ఉంటాయి. ఆటోమేటిక్ గేర్ల కారులో స్టీరింగు వెనుక ఉండే మీటలతో గేరును తగ్గించి ఉంచుకోవచ్చు. గేరును న్యూట్రల్‌లో ఉంచి దిగడం ఎంతమాత్రం కూడదు.

వేగం తగ్గించడం మలుపుకు ముందే పూర్తికావాలి. మలుపులో స్టీరింగు, యాక్సిలరేటరు నిలకడగా ఉండాలి. దారి తిన్నబడ్డాకే వేగం పెంచాలి. చూపు కారు ముందు భాగంపై కాక, రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే దూరపు బిందువుపై ఉండాలి. ఆ బిందువు మనకు చేరువవుతుంటే మలుపు ముడుచుకుంటోందని అర్థం. వేగం ఇంకా తగ్గించాలి. అది దూరంగా జరుగుతుంటే మలుపు విచ్చుకుంటోందని అర్థం. కనిపిస్తున్న దూరంలోపు బండిని ఆపగలిగే వేగమే సరైన వేగం.

పందెపు చిత్రాలలో చూపినట్టు మలుపును కోసుకుంటూ అవతలి వరుసలోకి వెళ్ళడం కనుమలో ఎదుటివారి ప్రాణాలతో చెలగాటమే. బస్సు, లారీ హెయిర్‌పిన్ తిరగాలంటే దాదాపు రోడ్డు వెడల్పంతా కావాలి. చూపుకు అందని మలుపు ముందు హారను మోగించి, వాటికి చోటు ఇవ్వాలి. ఇరుకు చోట ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. బహిరంగ రహదారిపై పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం. 2019 సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఆ దారి ఎవరిది?

మనకు విహారమైన దారి అక్కడివారికి నిత్యావసరం. వారపు సంత రోజున పాడేరు, అరకు, మారేడుమిల్లి పరిసరాల్లో గిరిజనులు కావిళ్ళతో, తట్టలతో రోడ్డు అంచున నడిచి వస్తారు. జీపుల్లో పరిమితికి మించి కిక్కిరిసి ప్రయాణిస్తారు. కాలిబాట లేని కొండదారిలో నడిచేవారు పక్కకు తొలగడానికి చోటు ఉండదు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ. తారు మీద ధాన్యం ఆరబోయడం, మేకలమంద అడ్డుగా రావడం అక్కడి జీవనంలో భాగాలు. ఆసుపత్రికి వెళ్ళే గర్భిణిని తీసుకువచ్చే వాహనానికి కూడా ఉన్నది ఆ ఒక్క దారే. మలుపులో అడ్డదిడ్డంగా కారు ఆపి ఛాయాచిత్రాలు తీసుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అడవి ప్రాణులకు ఆ పాటి హెచ్చరిక కూడా అందదు. కర్ణాటకలోని బందీపూర్ అడవి గుండా వెళ్ళే రహదారులపై 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిషేధించడానికి వాహనాల కింద పడి మరణిస్తున్న జంతువులే కారణం. నల్లమలలో కోతులకు తినుబండారాలు విసిరేవారు మేలు చేస్తున్నామనుకుంటారు. దానికి అలవాటుపడిన కోతి మరుసటి వాహనం కోసం రోడ్డు మధ్యకు వస్తుంది. పెద్ద శబ్దం చేసే ఎగ్జాస్టును అడవిలో, ఊళ్ళలో తగ్గించి ఉంచుకునే సదుపాయం అనేక స్పోర్ట్స్ కార్లలో ఉంటుంది. దాన్ని వాడడం కనీస మర్యాద.

ఇంత చెప్పినా బండి పూర్తి వేగాన్ని ఒక్కసారైనా చూడాలన్న కోరిక ఉంటే అందుకు తగిన స్థలాలు వేరే ఉన్నాయి. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై పందెపు మార్గం, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ అటువంటివి. అక్కడ ఎదురు వాహనం ఉండదు. తప్పు జరిగితే జారిపోవడానికి ఖాళీ నేల, వెంటనే చేరే వైద్య బృందం ఉంటాయి. తెలుగు రాష్ట్రాలలో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ పోటీ జరిగినప్పుడు కూడా ఆ వీధులను పూర్తిగా మూసివేసి, కంచెలు కట్టాకే కార్లను వదిలారు.

కనుమ దారిలో కంచె లేదు. అక్కడి రక్షణ అంతా డ్రైవరు చేతుల్లోనే ఉంది. తెల్లవారాక బయలుదేరండి. ఎక్కేటప్పుడు నాలుగు చోట్ల ఆగి లోయను చూడండి. వెనుక వేగంగా వచ్చే స్థానిక వాహనానికి దారి ఇవ్వండి. అటవీ శాఖ గేటు మూయకముందే తిరిగి రండి. పక్కన కూర్చున్నవారికి కడుపులో తిప్పకుండా, బ్రేకులు వేడెక్కిన వాసన రాకుండా కొండ దిగగలిగితే ఆ ప్రయాణం చక్కగా సాగినట్టే.